పాలపొడి మేలు కరిగిపోయింది, ఆట మేలు నిలిచింది

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో 1986-87లో కొందరు పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల ఎత్తు కొలిచారు. తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో, వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లను, అంటే గిడసబారినవాళ్లను, 129 మందిని ఎంచుకున్నారు. ఈ పని నడిపించినావిడ శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టర్. లాటరీ తీసినట్టుగా పిల్లల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారానికి కిలో పాలపొడి. ఇంకో గుంపుకు ఆట. మూడోదానికి రెండూ. నాలుగోదానికి రెండూ లేవు.

పాలపొడి ఇంటికొస్తే ఇంట్లో అందరూ తాగుతారు, బిడ్డకు మిగిలేది రెండు చెంచాలే. ఇది వాళ్లకు బాగా తెలుసు. అందుకే మిగతావాళ్ల కోసం మొక్కజొన్న పిండి, వెన్న తీసిన పాలపొడి విడిగా ఇచ్చారు. ఏమీ అందని నాలుగో గుంపు ఇళ్లకు కూడా వారం వారం మనిషి వెళ్లి, బిడ్డకు జబ్బేమైనా చేసిందా అని అడిగి రాసుకునేది. కాబట్టి ఎవరో వచ్చి పలకరించినందుకే పిల్లలు బాగుపడ్డారని కొట్టిపారేయడానికి లేదు.

ఇక ఆట సంగతి. వారానికో గంట వచ్చే ఆమె డాక్టరూ కాదు, టీచరూ కాదు. మన ఆశా కార్యకర్తలాంటి మనిషి. ఆమె సంచిలో ప్లాస్టిక్ సీసాలు, మూతలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలు, చేత్తో తయారుచేసిన బొమ్మల పుస్తకాలు ఉండేవి. మన ఇళ్లలో పాత సామానువాడికి వేసేసే సరుకే. ఆమె నేల మీద కూర్చుని ఎలా ఆడించాలో చూపించి, బొమ్మను తల్లి చేతికి ఇచ్చేది. తల్లి ఆడిస్తుంటే పక్కనుండి మెచ్చుకునేది. వెళ్తూ బొమ్మల్ని ఆ ఇంట్లోనే వదిలేసి, పై వారం వాటిని తీసుకుని వేరేవి ఇచ్చేది. ఇలా రెండేళ్లు.

వారానికి 168 గంటలు. అందులో ఆమె ఉండేది ఒక్క గంట. ఆ గంటలో పాఠం తల్లికి. మిగతా 167 గంటల్లో తల్లి దాన్ని బిడ్డతో ఎంతోకొంత వాడుకుంటుందని వాళ్ల లెక్క.

రెండేళ్లయ్యాక పరీక్షిస్తే పాలపొడి గుంపూ ముందుకొచ్చింది, ఆట గుంపూ ముందుకొచ్చింది. రెండూ అందిన పిల్లలు, ఎదుగుదల సరిగా ఉన్న పిల్లలకు దాదాపు సమానమయ్యారు. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది. అక్కడితో ఆగి ఉంటే తిండీ కావాలి, ఆటా కావాలి అనుకుని ఊరుకునేవాళ్లం. వాళ్లు ఆగలేదు. పదకొండేళ్లప్పుడు, పదిహేడేళ్లప్పుడు మళ్లీ అవే పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. తెలివితేటల పరీక్షల్లో పాలపొడి తెచ్చిన తేడా అప్పటికి మాయమైంది. ఆట తెచ్చిన తేడా ఉంది. 22 ఏళ్లప్పుడు 105 మంది దొరికారు. ఆట అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకంటే 25 శాతం ఎక్కువని, నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ కూడా ఉన్న బృందం 2014లో లెక్క తేల్చింది. 31 ఏళ్లకు ఆ తేడా 37 శాతానికి పెరిగింది. సీసా మూతలతో మొదలైన వ్యవహారం జీతం దాకా వెళ్లిందన్నమాట.

అయితే తిండి సంగతి తర్వాత చూద్దామని ఎవరైనా అంటే నమ్మకండి. గ్వాటెమాలా పల్లెల్లో 1969 నుంచి 1977 దాకా మాంసకృత్తులు కలిపిన అటోలే అనే జావ పంచారు. రెండేళ్లలోపు అది తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు సంపాదించింది, తాగనివాళ్లకంటే 46 శాతం ఎక్కువ. కింగ్‌స్టన్‌లో పాలపొడి అందేసరికే ఆ పిల్లలు గిడసబారిపోయి ఉన్నారు. ఆలస్యంగా వచ్చిన తిండి చేయగలిగింది కొంతే. ఆట, మాట మాత్రం అప్పుడు మొదలుపెట్టినా పట్టుకున్నాయి.

ఎందుకు? రెండేళ్లకే బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో సుమారు 80 శాతం సైజుకు వచ్చేస్తుంది. ఆ వయసులో నాడీకణాల మధ్య లింకులు కుప్పలు తెప్పలుగా పుడతాయి. వాడినవి బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. పొలంలో మనుషులు నడిచిన చోటే బాట పడి, నడవని చోట గడ్డి కమ్మేసినట్టు. బిడ్డ ఏదో కూస్తుంది, అమ్మ అదే కూతతో బదులిస్తుంది, బిడ్డ మళ్లీ కూస్తుంది. ఈ ముచ్చటే ఆ నడక. టీవీ కూడా మాట్లాడుతుంది కానీ బిడ్డ కూతకు బదులివ్వదు. అన్నం తినడానికి చేతికిచ్చే ఫోనూ అంతే.

ఇది అమ్మలకు తెలియని విద్యేమీ కాదు. చందమామను చూపించి గోరుముద్ద పెట్టడం, కథ చెబుతూ ఊ కొట్టించడం మనకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వకుండానే వచ్చాయి. పేదింట్లో కొరవడేది ప్రేమ అనుకుంటే తప్పు. పొద్దున్నే కూలికి వెళ్లి, వచ్చాక నీళ్లు పట్టి, పొయ్యి వెలిగించే తల్లికి మిగిలే తీరిక ఎంత? పైగా మాటలే రాని బిడ్డతో మాట్లాడేదేముంది అనే నమ్మకం చాలా చోట్ల ఉంది. తిండి, నిద్ర, స్నానం అయితే పెంపకం అయినట్టే అనుకుంటారు. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో అయిదేళ్లలోపు పిల్లల్లో 43 శాతం, అంటే సుమారు 25 కోట్ల మంది, ఎదగగలిగినంత ఎదగలేకపోయే ప్రమాదంలో ఉన్నారని 2016లో లాన్సెట్ అంచనా వేసింది. ఆ నింద తల్లుల మీద వేయడం నాకు నచ్చదు.

కింగ్‌స్టన్‌లో పిల్లలు 129 మందే. లక్షల మందితో ఇది నడుస్తుందా? కొలంబియాలో 96 పట్టణాల్లో 1,420 మంది పిల్లలతో అదే పద్ధతి ప్రయత్నించారు. ఇళ్లకు వెళ్లింది ఆ పేటల్లోని తల్లులే. ఏడాదిన్నరలో పిల్లల తెలివి, భాష మెరుగయ్యాయి. ఎందుకని తవ్వి చూస్తే, ఆ ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లలతో ఆటకు ఎక్కువ సమయం, ఆటవస్తువులు పెట్టడమే కారణమని ఆర్థికవేత్తలు తేల్చారు. కానీ కార్యక్రమం ఆగిన రెండేళ్లకు పిల్లల్లో ఆ తేడా కనబడలేదు. జమైకాలో నిలిచింది ఇక్కడ ఎందుకు నిలవలేదు అన్నదానిపై ఇంకా వాదనలున్నాయి. ఏడాదిన్నర చాలలేదేమో అని నా అనుమానం. ఒకసారి నేర్పి వదిలేస్తే సరిపోతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

మన పక్కనే ఒడిశాలో 192 గ్రామాల్లో ఇంకో ప్రశ్న వేశారు. ఇంటింటికీ వెళ్లే బదులు తల్లుల్ని, పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి నేర్పితే? ఫలితం దాదాపు అంతే వచ్చింది. ఖర్చు మాత్రం మూడో వంతు కూడా కాలేదు. సంఘం మీటింగులు అలవాటైన మన ఊళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒకరి బిడ్డ చేసేది చూసి ఇంకొకరు అడగడం, నేర్చుకోవడం గుంపులోనే కదా జరిగేది.

దేశంలో అంగన్‌వాడీ వ్యవస్థ 1975 అక్టోబర్ 2న మొదలైంది. మూడేళ్లు నిండినవాళ్లు కేంద్రానికి వచ్చి కూర్చుంటారు. ఆ లోపువాళ్లకు ఎక్కువగా దక్కేది ఇంటికి తీసుకెళ్లే సరుకులు, బరువు చూడటం, టీకాలు. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏమేం ఆడాలో చెప్పే ‘నవచేతన’ను కేంద్రం తెచ్చింది 2024లో. అంటే దాదాపు యాభై ఏళ్లకు. ఇప్పటికే రిజిస్టర్లు, ఫోన్ యాప్ నింపలేక సతమతమయ్యే అంగన్‌వాడీ టీచర్‌కి దీనికి సమయం ఎవరిస్తారన్నది వేరే ప్రశ్న.

ఇంతసేపూ తల్లి, తల్లి అంటూ వచ్చాను. యూనిసెఫ్ సర్వే మనుషులు చిన్నపిల్లలున్న ఇంటికి వెళ్తే ఆరు సంగతులు అడుగుతారు. గడిచిన మూడు రోజుల్లో బిడ్డకు బొమ్మల పుస్తకం చూపించారా, కథ చెప్పారా, పాట పాడారా, బయట తిప్పారా, ఆడించారా, వస్తువుల పేర్లు చెప్పడమో లెక్కపెట్టడమో బొమ్మ గీయడమో చేశారా. అవునంటే, ఎవరు చేశారు? 74 దేశాల లెక్కలు చూసి 2017లో యూనిసెఫ్ చెప్పిందేమిటంటే, మూడు నాలుగేళ్ల పిల్లల్లో 55 శాతం మందికి, అంటే సుమారు 4 కోట్ల మందికి, నాన్న పేరు దగ్గర ఆ గడి ఖాళీ.