స్వెట్టరు ఎందుకు పట్టలేదు? ఊలు అల్లికపై అపోహలు - వాస్తవాలు

దసరా దాటగానే మా ఇంటికి సగం అల్లిన స్వెట్టర్లు రావడం మొదలవుతుంది. ఒకరిది తల దూరదు, ఇంకొకరిదాంట్లో ఇద్దరు దూరవచ్చు. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ప్యాటర్న్‌లో ఎలా ఉందో అలాగే చేశానండీ. అయినా సైజు రాలేదు. ఆ ప్యాటర్నే తప్పు." తీసి చూస్తే ప్యాటర్న్, అంటే ఎన్ని కుట్లు వేయాలో ఎలా అల్లాలో రాసిన కాగితం, నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు నేనడిగే ప్రశ్న కూడా ఒకటే: "శాంపిల్ ముక్క, అదే ముందుగా కొలత చూసుకోవడానికి అల్లే ముక్క, ఏదీ?" ఉండదు. ఊలు దండగని ఒకరంటారు. అది కొత్తవాళ్లకు గానీ మాకెందుకని మరొకరంటారు.

రాజమండ్రిలో ఇంటి దగ్గర ఊలు అల్లిక నేర్పేదాన్ని కాబట్టి నా చెవిన పడే అపోహలకు కొదవ లేదు. అన్నిటికీ జవాబు చెబుతాను గానీ, ముందు డబ్బునూ నెలల శ్రమనూ కలిపి మింగేసే అపోహ సంగతి తేల్చాలి.

అపోహ: చెప్పిన నంబరు సూదులు, చెప్పినన్ని కుట్లు ఉంటే సైజు దానంతటదే వస్తుంది.

రాదు. ప్యాటర్న్ రాసినవారు కుట్ల లెక్క కట్టేది తమ చేతి బిగువును బట్టి, తాము వాడిన ఊలును బట్టి. ఆ సంగతి పైన ఒక మూల చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది: 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు. దీన్నే గేజు అంటారు. అందరూ దాటేసే వాక్యం అదే, మొత్తం ప్యాటర్న్ ఆధారపడేదీ దాని మీదే. ఆ గేజుతో 100 సెంటీమీటర్ల ఛాతీ చుట్టుకొలత కావాలంటే 220 కుట్లు వేయాలి. మీ చెయ్యి కాస్త వదులై 10 సెంటీమీటర్లకు 20 కుట్లే పడుతున్నాయనుకోండి. అవే 220 కుట్లు 110 సెంటీమీటర్లవుతాయి. చెయ్యి బిగువై 24 పడ్డాయా, 92 కూడా రాదు. అటు రెండు కుట్లు, ఇటు రెండు కుట్లు. కంటికి ఆనని ఈ తేడాకు స్వెట్టర్లో 18 సెంటీమీటర్ల తేడా. ఒకే ఊలు, ఒకే సూదులు, ఒకే ప్యాటర్న్ ఇచ్చినా ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే కొలత అల్లలేరు. చేతిరాత ఎలాగో ఇదీ అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పల్లా కొలవకపోవడమే.

మా వీధిలో ఒకావిడ ఆదిలాబాద్‌లో ఉండే తండ్రికి స్వెట్టరు అల్లింది. అక్కడి చలి సంగతి తెలిసిందే కదా. అర కిలో ఊలు పట్టింది. కార్తీకమాసం అంతా గుడి మెట్ల మీద కూడా సూదులు వదల్లేదు. చివరికి ఆయన వేసుకుంటే భుజాలు మోచేతుల వైపు జారిపోయాయట. పెద్దాయన మంచివాడు. "బాగుందమ్మా, లోపల ఇంకో స్వెట్టరు వేసుకోవచ్చు" అన్నారట. ఆవిడ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. స్కేలు పెట్టి కొలిస్తే 22 ఉండాల్సిన చోట 20 కుట్లు కూడా లేవు. మొదట్లో ఒక్క సాయంత్రం ముక్క అల్లి ఉంటే ఇదంతా బయటపడేది. ఇలాంటప్పుడు నాకు ఆవిడ మీద కోపం రాదు. "ముక్కా గిక్కా అక్కర్లేదు, నేను ఎప్పుడూ అల్లలేదు" అని ధైర్యం చెప్పి పంపే పెద్దమనుషుల మీద వస్తుంది.

ముక్క అల్లడంలోనూ పొరపాట్లున్నాయి. పది కుట్లు వేసి నాలుగు వరుసలు లాగి, అంచు నుంచి అంచుకు కొలిచి "సరిపోయింది" అనేస్తారు. అంచు కుట్లు ఎప్పుడూ మెలిపడి, వంకరగా ఉంటాయి, లెక్కకు పనికిరావు. ముక్క కనీసం 15 సెంటీమీటర్ల చదరం ఉండాలి. కొలిచేది మధ్యలోని 10 సెంటీమీటర్లు. అర కుట్టు కనిపిస్తే దాన్నీ లెక్కపెట్టాలి. లాగి పట్టుకోకూడదు. మనం కోరుకున్న అంకె వచ్చేదాకా లాగే చేతులను నేను చాలా చూశాను.

కొలిచే ముందు ఉతకాలి. ఇది చెబితే నన్ను వింతగా చూస్తారు. స్వెట్టరును రేపు ఎలా ఉతుకుతారో ముక్కనూ అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టి, అప్పుడు కొలవాలి. ఉన్ని తడిస్తే కుట్లు సర్దుకుంటాయి. మెషీన్లో ఉతకవచ్చని లేబుల్ మీద రాసిన ఉన్ని కొన్నిసార్లు బాగా సాగుతుంది. కాటన్ నూలు బరువుకు కిందికి జారుతుంది, అందుకని కాటన్ ముక్కకు కింద క్లిప్పులు తగిలించి ఓ రాత్రి వేలాడదీస్తే అసలు కొలత బయటపడుతుంది. గుండ్రటి సూదుల మీద చుట్టూ అల్లే వస్త్రమైతే ముక్క కూడా చుట్టూ అల్లాలి. చాలామందికి నిట్ వరుస (ముందువైపు అల్లేది) బిగువుగా, పర్ల్ వరుస (తిప్పి వెనకవైపు అల్లేది) వదులుగా వస్తుంది. చుట్టూ అల్లితే పర్ల్ వరుసే ఉండదు కాబట్టి గేజు మారిపోతుంది. స్టీలు సూదుల నుంచి వెదురు సూదులకు మారినా మారవచ్చు.

గేజు కుదరలేదని చేతిని బిగించడమో వదలడమో చెయ్యకండి. నాలుగు వరుసలు గుర్తుంటుంది, టీవీ సీరియల్లో అత్తగారు అరవగానే చెయ్యి పాత దారిన పడుతుంది. మార్చాల్సింది సూదుల్ని. కుట్లు ఎక్కువ పడుతుంటే లావు సూది, తక్కువ పడుతుంటే సన్న సూది.

అసలు గొడవంతా ఈ సూదుల నంబర్ల దగ్గరే. మన షాపుల్లో దొరికే సూదులకు పాత బ్రిటిష్ నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దీనికి సరిగ్గా తలకిందులు, నంబరుతోపాటు లావూ పెరుగుతుంది. మన 8 నంబరు 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 నంబరు 5 మిల్లీమీటర్లు. మన 6 అంటే అమెరికా 8, మన 8 అంటే అమెరికా 6. తమాషా ఏమిటంటే 7 దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి, రెండు చోట్లా 4.5 మిల్లీమీటర్లే.

నాకు తెలిసిన ఇంట్లో న్యూజెర్సీ కోడలు ఇక్కడి అత్తగారికి ప్యాటర్న్ పంపింది. కోడలు 8 నంబరు అంది, అత్తగారు బజారుకు వెళ్లి 8 నంబరే కొన్నారు. రెండేళ్ల మనవడి కోసం మొదలైన స్వెట్టరు ఏడాది పిల్లాడికీ బిగుతయ్యేలా తయారైంది. "మీరు బిగువుగా అల్లుతారేమో అత్తయ్యా" అని అక్కడి నుంచి, "నువ్వు కొలత తప్పు చెప్పావేమోనమ్మా" అని ఇక్కడి నుంచి. ఇద్దరూ నిజమే చెప్పారు. సూది మీది నంబరు వదిలేసి మిల్లీమీటర్లు అడగండి. వీడియో చూసి నేర్చుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, వీడియోలో నేర్పేవారు ఏ దేశం నంబరు చెబుతున్నారో తెలియకుండా సూదులు కొనవద్దు. రంధ్రాలున్న కొలత పలక ఒకటి ఇంట్లో ఉంటే, నంబరు చెరిగిపోయిన పాత సూదులు కూడా అక్కరకొస్తాయి.

ప్లై కథా ఇలాంటిదే. 4 ప్లై అంటే అసలు అర్థం నాలుగు పోగులు కలిపి పేనారని, లావు ఎంతో అది కచ్చితంగా చెప్పదు. ఒక కంపెనీ 4 ప్లై ఇంకో కంపెనీ 4 ప్లై కంటే ఎంతో లావుగా ఉండవచ్చు. ప్లై చూసి ఊలు మార్చేశారా, మళ్లీ ముక్క అల్లాల్సిందే. అల్లిన ముక్కలు పారెయ్యకండి. సూది నంబరు, ఊలు పేరు, ఉతికాక వచ్చిన గేజు చీటీ మీద రాసి కుట్టి ఉంచుకుంటే వచ్చే ఏడాది పనికొస్తాయి. ఊలు తక్కువైందనుకుంటే శాంపిల్ ముక్కనే విప్పి వాడుకోవచ్చు, దండగ అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.

ఇక మరో రకం. ఇవి భయంతో వచ్చే ప్రశ్నలు కాబట్టి విసుక్కోను.

అపోహ: గర్భిణి ఊలు అల్లితే బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది.

ఏడో నెలలో ఉన్న ఒకమ్మాయి పుట్టబోయే బిడ్డకు మేజోళ్లు అల్లుతూ, పక్కింటి ముసలమ్మ మాట విని, అల్లినదంతా రాత్రికి రాత్రి విప్పేసింది. మర్నాడు నా దగ్గరకొచ్చి "పిన్నిగారూ, నిజమేనా?" అని అడిగినప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి. తాడు మెడకు చుట్టుకోవడం బిడ్డ కడుపులో తిరగడం వల్ల జరిగేది. చాలా కాన్పుల్లో కనిపించేదే, ఎక్కువసార్లు ఇబ్బంది లేకుండానే పోయేది. తల్లి చేతిలోని ఊలుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అనుమానం ఉంటే డాక్టరును అడగాలి గానీ ముసలమ్మను కాదు. ఆ అమ్మాయి మళ్లీ అల్లింది, చక్కగా అల్లింది.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. మేజోళ్లలో, చేతి తొడుగుల్లో లోపలి వైపు వదిలేసిన పోగు పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలియక ఇల్లంతా హడావుడి పడతారు. తొడిగే ముందు ప్రతిసారీ తిరగేసి చూడండి. వేలు వాచి ఎర్రబడితే ఆస్పత్రికి పరుగెత్తండి. మెడ దగ్గర కట్టే తాళ్లు పెట్టవద్దు. ఇంట్లో నిద్రపోయే బిడ్డకు ఊలు టోపీ అక్కర్లేదు. ఒళ్లు వేడెక్కుతుంది, ముక్కు మీదికి జారే ప్రమాదమూ ఉంది. పెద్ద పెద్ద రంధ్రాల డిజైన్ల దుప్పట్లు ఫొటోకు బాగుంటాయి, చిన్న వేళ్లు మాత్రం వాటిలో ఇరుక్కుంటాయి.

షాపులో "ఊలు" అని ఇచ్చేదంతా ఉన్ని అనుకోవడమూ పొరపాటే. మనకు దొరికేదాంట్లో ఎక్కువ భాగం యాక్రిలిక్. అదేమీ నేరం కాదు, చవక, ఉతకడం తేలిక. కానీ నిప్పు దగ్గర తేడా తెలుస్తుంది. కొస తుంచి పట్టకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద అంటించి చూడండి. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేసి, మంట తీసేస్తే ఆరిపోతుంది. చివర మిగిలేది వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరుగుతూ కాలి గట్టి పూసలా మిగులుతుంది. పొయ్యి దగ్గర, దీపాల దగ్గర తిరిగేవాళ్లకు యాక్రిలిక్ శాలువా కప్పకండి. దాని మీద వేడి ఇస్త్రీ కూడా పెట్టవద్దు, ఒక్కసారి చచ్చుబడితే ఆ సాగుడు తిరిగి రాదు. ఇంకొకటి, ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో రంగు వేసినవి, ఒకేసారి కొనండి. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే వీపు మీద చార కనిపిస్తుంది.

"ఈ ఎండల్లో ఊలేమిటమ్మా?" అన్నది నేను అలసిపోయిన ప్రశ్న. అల్లికంటే ఉన్నే కానక్కర్లేదు. ఇప్పటిదాకా దొరికిన అతి పాత అల్లిక బట్టలు ఈజిప్టువి. కాటన్ మేజోళ్లు, వాటిలో నీలిమందు రంగు నూలు. అదేమీ మంచు దేశం కాదు కదా. ఈ ప్రశ్న అడిగే పెద్దమనిషి ఒంటిమీది బనియను కూడా అల్లిన బట్టే, తిరుప్పూర్ మెషీన్ల మీద. కాటన్ నూలుతో సంచులు, పిల్లల గౌన్లు ఏ కాలంలోనైనా అల్లుకోవచ్చు. లంబసింగి వెళ్లి వచ్చినవాళ్లు మాత్రం ఈ ప్రశ్న మళ్లీ అడగరు.

మా గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కు. అల్లిక అనగానే నరసాపురం లేసు అనుకుంటారు. మా మేనత్త అల్లేది అదే, నేను అల్లేది వేరు. లేసు క్రోషే పని, ఒకే కొక్కెం, దాని మీద సాధారణంగా ఒకే ఉచ్చు. నిట్టింగ్‌కు రెండు సూదులు, వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే ఉంటాయి. అందుకే ఒకటి జారితే కిందిదాకా నిచ్చెన పడుతుంది. నిట్టింగ్‌కు యంత్రం 1589లోనే వచ్చింది, ఇంగ్లండులో విలియం లీ చేశాడు. క్రోషేను అచ్చంగా అల్లే యంత్రం ఇప్పటికీ బజారులో లేదు, అది మొత్తం చేతి పనే. చలికాలంలో టిబెటన్లు మన ఊళ్లలో అమ్మే స్వెట్టర్లు వాళ్లు చేత్తో అల్లినవనుకుంటారు, అవి చాలావరకు లూధియానా మెషీన్లవి.

మగవాళ్లు అల్లకూడదా? పెరూ దేశంలో తకీలే అనే దీవి ఉంది, టోపీలు అల్లేది అక్కడి మగవాళ్లే, అబ్బాయిలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. మా దగ్గరకు రైల్వేలో రిటైరైన ఒకాయన వస్తారు. ఆయన అంచులంత నీటుగా క్లాసులో ఎవరికీ రావు. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే పద్ధతి కావాలా? అక్కర్లేదు, రెండు చేతులూ పని చేస్తాయి. కీళ్లవాతం వస్తుందా? అల్లడం వల్ల రాదు. కానీ గంటల తరబడి ఆపకుండా అల్లితే మణికట్టు నొప్పి పుడుతుంది, మధ్యమధ్య లేవండి. వేళ్లు తిమ్మిరెక్కి రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే సూదులు పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.

చేత్తో అల్లుకుంటే చవక అన్నది చివరిది. నాలుగు వందలకు స్వెట్టరు అల్లిపెడతారా అని మొన్న కూడా ఒకావిడ అడిగింది. మంచి ఉన్ని ఒక్కదానికే అంతకు మించి పోవాలి, నెలన్నర చేతి పని లెక్కలోకే రాలేదు. "అల్లిపెట్టనమ్మా, కావాలంటే నేర్పుతాను" అన్నాను. బజారులో మూడు వందలకే దొరుకుతోందని చెప్పి వెళ్లిపోయింది. చలికి స్వెట్టరే కావాలనుకునేవాళ్లకు అదే సరైన బేరం.