డిగ్రీ పర్సంటేజ్ తక్కువైతే ఎంబీఏ రాదా? అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఐసెట్ (మన రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష), క్యాట్ (ఐఐఎంల ప్రవేశ పరీక్ష) పాఠాలు చెబుతాను. విదేశీ బిజినెస్ స్కూళ్లకు అప్లై చేసే పిల్లల ఫైళ్లు కూడా చూస్తాను. దేవరకొండ, హాలియా, అచ్చంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు తమ పేరుకన్నా ముందు పర్సంటేజే చెప్పేస్తారు. "సార్, డిగ్రీల యాభై మూడే వచ్చింది. ఇగ ఎంబీఏ ఆశ వదులుకోవాల్నా?" అని అడుగుతారు. అక్కర్లేదు. అయితే ఏ కాలేజీ ఆ మార్కులను ఎలా చూస్తుందో తెలియకుండా ఫీజులు కట్టొద్దు.

అపోహ: డిగ్రీ మార్కులు తక్కువైతే ఐసెట్ ర్యాంకు కూడా తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. ఐసెట్‌లో డిగ్రీ మార్కులను అర్హత వరకే చూస్తారు. జనరల్ వాళ్లకు 50 శాతం, రిజర్వుడ్ వాళ్లకు 45 శాతం ఉంటే చాలు. ర్యాంకు మొత్తం 200 మార్కుల పరీక్ష మీదే. 150 నిమిషాల టైం ఇస్తారు, నెగెటివ్ మార్కులు లేవు. 51 శాతం ఉన్న అమ్మాయి, 85 శాతం ఉన్న అబ్బాయి అక్కడ సమానమే. 2025లో ఈ పరీక్షను నిర్వహించింది మన నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీయే.

అపోహ: క్యాట్‌లో మంచి పర్సెంటైల్ (ఎంత శాతం మందికన్నా ముందున్నామో చెప్పే స్కోరు) వస్తే పాత మార్కులు ఎవరూ అడగరు.

వాస్తవం: అడుగుతారు. క్యాట్ రాయడానికి కావలసింది 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. సీటు దగ్గరికొచ్చేసరికి లెక్క వేరు. ఐఐఎం అహ్మదాబాద్, బెంగళూరు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు మూడింటికీ వెయిటేజీ ఇస్తాయి. డిగ్రీలో దెబ్బతిన్నా, గురుకులంలో పదో తరగతి బాగా చదివి ఉంటే ఆ మార్కులు ఇప్పుడు పనికొస్తాయి. ప్రతి ఐఐఎం తన అడ్మిషన్ విధానాన్ని వెబ్‌సైట్‌లో పెడుతుంది. కోచింగ్‌లో చేరేముందే దాన్ని చదవండి.

అపోహ: 62 శాతం అంటే అమెరికా లెక్కలో 2.48 జీపీఏ (4కి లెక్కగట్టే గ్రేడ్ల సగటు).

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ లెక్కే. 62ని 100తో భాగించి 4తో గుణిస్తే 2.48 వస్తుంది. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లలు ఆ అంకె చూసి, అప్లికేషనే తెరవకుండా ఆగిపోతున్నారు. మన యూనివర్సిటీల్లో 60 దాటడమంటే ఏమిటో అక్కడివాళ్లకు తెలుసు. డబ్ల్యూఈఎస్ లాంటి మదింపు సంస్థలు మన ఫస్ట్ క్లాసును సాధారణంగా 'A' గ్రేడుగానే లెక్కిస్తాయి. చాలా స్కూళ్లయితే మార్కులను అసలు మార్చొద్దనీ, మెమోలో ఉన్నట్టే రాయమనీ స్పష్టంగా చెబుతాయి. కాబట్టి మీ అంతట మీరు జీపీఏ తయారు చేసుకోవద్దు.

అపోహ: కష్టాలన్నీ వివరంగా రాస్తే జాలిపడి సీటిస్తారు.

వాస్తవం: మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పుకోవడానికి చాలా అప్లికేషన్లలో ఒక చిన్న వ్యాసానికి చోటుంటుంది. నాగర్‌కర్నూల్ వైపు అబ్బాయి ఒకరు సెకండ్ ఇయర్‌లో నాన్న మంచాన పడితే పత్తి చేను తనే చూసుకున్నాడు. రెండు సెమిస్టర్లు పోయాయి. మొదట అతను రాసుకొచ్చింది రెండు పేజీలు. అందులో సగం కాలేజీ మీద, లెక్చరర్ల మీద ఫిర్యాదు. అదంతా తీసేయించాను. ఏం జరిగింది, ఏ సెమిస్టర్లలో దెబ్బతిన్నాడు, తర్వాత ఎలా కోలుకున్నాడు అన్నవే ఉంచాం. ఐదారు వాక్యాలయ్యాయి. చివరి సెమిస్టర్ మెమోలే అతని తరఫున మాట్లాడాయి.

చివర్లో కూడా మార్కులు పెరగకపోతే చదవగలనన్న రుజువు కొత్తగా చూపించాలి. లెక్కలు, స్టాటిస్టిక్స్, అకౌంటింగ్‌లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సు చేసి పరీక్ష రాయండి. చేరడం ఉచితం, పరీక్షకే ఫీజు. విదేశీ బిజినెస్ స్కూళ్లు అడిగే జీమ్యాట్ పరీక్షలో క్వాంట్ (లెక్కల విభాగం) స్కోరు మరింత గట్టి సాక్ష్యం. ఆ స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి ఉద్యోగం చేస్తూ కూడా రాసి ఉంచుకోవచ్చు.

అపోహ: పెద్ద కంపెనీలో చేస్తేనే అనుభవం కింద లెక్క.

వాస్తవం: హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఏడాది ప్రోగ్రాంకు 24 నెలల ఉద్యోగ అనుభవం అడుగుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం కొనుగోళ్లు చూసినా, పోలేపల్లి ఫార్మా ప్లాంటులో షిఫ్టు నడిపినా అనుభవమే. మీరు ఏ నిర్ణయం తీసుకున్నారు, దానివల్ల ఎంత ఖర్చు తగ్గింది, ఎంతమందితో పని చేయించారు అన్నది అంకెలతో రాయండి.

అపోహ: మార్కులు కాస్త 'అడ్జస్ట్' చేసినా ఎవరికీ తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన తర్వాత కూడా సీటు రద్దు చేస్తారు. సీజీపీఏను (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటును) శాతంలోకి మార్చేటప్పుడు కూడా మీ యూనివర్సిటీ సూత్రమే వాడండి. అలాంటి సూత్రం లేకపోతే సీజీపీఏను గరిష్ఠ సీజీపీఏతో భాగించి 100తో గుణించాలని క్యాట్ నిబంధనే చెబుతోంది. ట్రాన్‌స్క్రిప్టుల (యూనివర్సిటీ ధ్రువీకరించి ఇచ్చే మార్కుల పత్రాల) కోసం యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచికి గడువుకు చాలా ముందే వెళ్లండి. మెమో మీద ఉస్మానియా పేరుంటే హైదరాబాద్‌లోని ఆ యూనివర్సిటీ నుంచే తీసుకోవాలి. నల్గొండ, పాలమూరు యూనివర్సిటీల్లో ఇవ్వరు.