పొద్దున్నే గుడ్డు వండేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

మాది పాలకొల్లు. 18 ఏళ్ళుగా ఇంటి వసారాలోనే టిఫిన్లు వేస్తున్నాను. ఇడ్లీ, పెసరట్టు, ఆదివారమైతే దిబ్బరొట్టె. వీటితోపాటు రోజూ నాలుగైదు ట్రేల గుడ్లు అయిపోతాయి. ట్రేకి 30. ఉడకబెట్టినవి, ఆమ్లెట్టు, పొరటు, గుడ్డు దోసె, ఎవరికేది కావాలంటే అది. గుడ్డు బాగాలేదని మనం తిట్టుకునే చాలాసార్లు తప్పు గుడ్డుది కాదు, మంటది. లేదా మనం చూసుకోని నిమిషాలది. ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

“పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటే గుడ్డు పాతది”

ఒక కనుమ నాడు ఓ ఇంటివారు పులుసులోకి 150 గుడ్లు ఉడకబెట్టి ఇమ్మన్నారు. పెద్ద డేగిసాలో వేసి, బాగా ఉడకాలని అరగంట పైగా మరగనిచ్చి, ఆ వేడి నీళ్ళలోనే వదిలేశాను. వాళ్ళింట్లో గుడ్డు రెండు ముక్కలు చేస్తే పచ్చసొన అంచున బూడిద కలిసిన ఆకుపచ్చ వలయం, పైగా కొంచెం కుళ్ళు వాసన. “పండగ పూట పాత గుడ్లు అంటగట్టావమ్మా” అన్నారు. ఆ గుడ్లు ముందురోజు సాయంత్రం తణుకు వైపు ఫారం నుంచి వచ్చినవి. ఆ మాటకి చాలా బాధపడ్డాను.

నిజానికి ఆ రంగు వయసువల్ల వచ్చేది కాదు. తెల్లసొనలో గంధకం ఉంటుంది, పచ్చసొనలో ఇనుము ఉంటుంది. ఎక్కువసేపు ఉడికితే గంధకం వాయువుగా మారి లోపలికి వెళ్ళి, అంచున ఇనుముతో కలుస్తుంది. ఆ ఆకుపచ్చ అదే. తింటే ఏ హానీ లేదు, రుచి మాత్రం పోతుంది. తెల్లసొన రబ్బరులా, పచ్చసొన సుద్దలా తయారవుతుంది.

ఇప్పుడు నేను గడియారం చూసే ఉడకబెడతాను. నీళ్ళు తెర్లాక గుడ్లని గరిటెతో మెల్లగా దించాలి. 6-7 నిమిషాలకి తెల్లసొన గట్టిపడి పచ్చసొన జారుగా ఉంటుంది. 9 నిమిషాలకి మధ్యలో మెత్తగా, తేనె చిక్కబడ్డట్టు ఉంటుంది. 11-12కి పూర్తిగా గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే ఇంకో నిమిషం. దించగానే చన్నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే పెంకు లోపలి వేడికే ఉడుకుతూ ఉంటాయి. మనది సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న నేల. నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి ఈ లెక్క నరసాపురంలోనైనా అమలాపురంలోనైనా మారదు. కొండ ఊళ్ళలో నీళ్ళు ముందే మరుగుతాయి, అక్కడ ఇంకాస్త టైం కావాలి.

“నీళ్ళలో ఉప్పేస్తే పెంకు సులువుగా వస్తుంది”

మా అమ్మ వేసేది, నేనూ చాలాకాలం వేశాను. పెంకు పగిలి సొన బయటికొస్తే అది త్వరగా గడ్డకట్టడానికి ఉప్పు కొంచెం సాయపడుతుంది. పెంకు ఊడటానికి మాత్రం కాదు.

పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడి గుడ్డు గుంటలు పడితే “పాడు గుడ్లు” అంటారు. అసలు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. మరీ తాజా గుడ్డే అలా ఏడిపిస్తుంది. కొత్త గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెంకులోని సన్నటి రంధ్రాల్లోంచి పోతుంది, తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, లోపలి పొర పట్టు సడలుతుంది. అందుకే నేను ఈరోజు దిగిన ట్రేలు ఆమ్లెట్లకి వాడి, వారం కిందటివి ఉడకబెట్టడానికి ఉంచుతాను.

తాజావే ఉన్నప్పుడు ఇడ్లీ పాత్రే నాకు దిక్కు. ఇడ్లీ రేకుల గుంటల్లో గుడ్లు కుదురుగా కూర్చుంటాయి. కింద నీళ్ళు మరిగి ఆవిరి బాగా వచ్చాక రేకులు పెట్టి, 12 నిమిషాలు ఉంచి, చన్నీళ్ళలో వెయ్యండి. మొదటే వేడి తగిలితే తెల్లసొన పొరకి అతుక్కోదు. చన్నీళ్ళలో వేసి మెల్లగా కాచితేనే అతుక్కుంటుంది. ఒలిచేటప్పుడు గుడ్డు వెడల్పు వైపు మొదలుపెట్టండి. అక్కడ గాలి అర ఉంటుంది, వేలు దూరడానికి చోటు దొరుకుతుంది.

“గుడ్డు వేడి చేస్తుంది, ఎండాకాలం మానెయ్యాలి”

ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే దీనివల్ల ముందుగా గుడ్డు మానేసేది పిల్లలు, బాలింతలు. రోహిణీ కార్తె వచ్చిందంటే మా వీధిలో సగం ఇళ్ళలో పిల్లలకి గుడ్డు బంద్. మామూలు గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు, 70 కేలరీలు ఉంటాయి. ఏ తిండి అరిగినా ఒంట్లో కాస్త వేడి పుడుతుంది, పప్పన్నం తిన్నా అంతే. సెగగడ్డలు రావడానికి కారణం చర్మంలోకి దిగిన సూక్ష్మజీవులు, గుడ్డు కాదు. పిల్లాడికి గుడ్డు తిన్న ప్రతిసారీ దద్దుర్లో వాంతులో వస్తుంటే అది అలర్జీ కావచ్చు, డాక్టరుకి చూపించాలి. అది వేరే సంగతి.

ఎండల్లో జాగ్రత్త పడాల్సింది గుడ్డు నిల్వ దగ్గర. 40 డిగ్రీల ఎండలో వంటింటి గూట్లో పెడితే త్వరగా పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు నిక్షేపంగా ఉంటాయి. తలుపు అరలో మాత్రం వద్దు, తీసి వేసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. తేగానే కడిగి పెట్టడం కూడా మంచిది కాదు, పెంకు మీద ఉండే సన్నటి రక్షణ పూత పోతుంది. వండే ముందు కడగండి. నీళ్ళలో తేలిన గుడ్డు పాతదే, అంతమాత్రాన కుళ్ళినట్టు కాదు. విడిగా ఓ గిన్నెలో కొట్టి చూడండి, కుళ్ళితే వాసనే చెబుతుంది.

“పొరటుకి మంట పెద్దదుండాలి”

మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు కూడా ఇదే అంది. పక్కన నిలబెట్టి చూపించాను. మూకుట్లో నూనె కాగాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు మెత్తబడేదాకా వేయించి, పసుపు, ఉప్పు వేసి, అప్పుడు మంట తగ్గించాలి. గుడ్లు కొట్టి పోశాక వెంటనే కెలకకూడదు. అంచులు తెల్లబడేదాకా ఆగి, గరిటెతో అడుగునుంచి పెద్ద పెద్ద ముక్కలుగా తిప్పాలి. పచ్చిసొన ఎక్కడా జారకుండా, పైన ఇంకా తడి మెరుస్తుండగానే పొయ్యి కట్టెయ్యాలి. మిగతాది మూకుడు వేడికే అవుతుంది. తెల్లసొన 62 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, పచ్చసొన 70 వచ్చేసరికి గట్టిపడుతుంది. మరిగే నీళ్ళంత వేడి కూడా దానికి అక్కర్లేదు. పెద్ద మంట మీద మాంసకృత్తులు బిగుసుకుపోయి నీళ్ళు వదిలేస్తాయి. పొరటు కింద నీళ్ళు ఊరడం అందుకే. టమాటా వేస్తే దాని నీరు ఇగిరాకే గుడ్డు పొయ్యండి.

ఆమ్లెట్టుకి ఉప్పు ముందే కలిపితే గట్టిపడుతుందనేది కూడా నిజం కాదు. పావుగంట ముందు కలిపి ఉంచితే ఇంకా మెత్తగా వస్తుంది. చద్దన్నంలోకి నంజుకునే ఆమ్లెట్టు ఒకసారి ఇలా వేసి చూడండి.

“పచ్చిగుడ్డు పాలలో కొట్టి తాగితే బలం”

దయచేసి తాగించకండి. పచ్చిగుడ్డులోని మాంసకృత్తులు ఇంచుమించు సగమే ఒంటికి పడతాయి, ఉడికితే నూటికి 90 దాకా పడతాయి. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి భయం ఎలాగూ ఉంది. గర్భిణులకి, చిన్నపిల్లలకి, ముసలివాళ్ళకి హాఫ్ బాయిల్ కూడా వద్దు, పచ్చసొన గట్టిపడాలి.

నాటుగుడ్డు గురించి ఒక్క మాట. పెంకు రంగు కోడి జాతిని బట్టి, పచ్చసొన రంగు అది తిన్న మేతను బట్టి ఉంటుంది. రుచి మీకు నచ్చితే కొనుక్కోండి, రెట్టింపు బలమని అప్పుచేసి కొనకండి. ఫారం గుడ్డులో పిల్ల ఉంటుందని తినని వాళ్ళున్నారు. ఆ షెడ్లలో పుంజే ఉండదు. లోపల కనిపించే తెల్లటి తాడు పచ్చసొనను మధ్యలో నిలిపి ఉంచేది, అది స్పష్టంగా కనిపిస్తే గుడ్డు తాజాదని అర్థం.

ఇక బాతుగుడ్లు. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు దిగినప్పుడు మాకు చవగ్గా దొరుకుతాయి. నీచు వాసనని పక్కన పెట్టేస్తారు గానీ, పచ్చసొన పెద్దది, కొవ్వు ఎక్కువ, దిబ్బరొట్టె పక్కన పొరటుగా చాలా బాగుంటుంది. అల్లం, మిరియాలు కాస్త ఎక్కువ వెయ్యండి. బురదలో పెట్టిన గుడ్లు కాబట్టి వండేముందు బాగా కడిగి, పూర్తిగా ఉడికించే తినాలి. ఇడ్లీ పాత్రలో అయితే 15 నిమిషాలు పడుతుంది.