కళ్లు కదిపితే మనసుకు తగిలిన దెబ్బ మానుతుందా? ఈఎండీఆర్‌పై అపోహలు - వాస్తవాలు

ఈఎండీఆర్ అంటే, బాధపెట్టే జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే థెరపిస్టు వేళ్లను కళ్లతో వెంబడించే మానసిక చికిత్స.

అపోహ: ఇది హిప్నాటిజం.
కాదు. మీరు పూర్తి మెలకువతో ఉంటారు. మీరు చెయ్యెత్తితే థెరపిస్టులం ఆపేస్తాం, ఆ సైగ ముందే అనుకుంటాం. 1987లో అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టిన ఈ పద్ధతిని పీటీఎస్‌డీకి (ప్రమాదమో హింసో జరిగాక వదలకుండా వేధించే మానసిక సమస్యకు) వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది.

అపోహ: ఫోన్‌లో అటూ ఇటూ కదిలే చుక్కను చూస్తే చాలు.
అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మొత్తం ఎనిమిది దశలుంటే, పాత గాయం మీద కళ్ల కదలిక మొదలయ్యేది నాలుగో దశలో. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర స్కూటర్ మీంచి పడ్డ మనిషిని అనుకోండి. బాగా కలచివేసే దృశ్యం? మీదికొస్తున్న లారీ చక్రం. అది తలుచుకుంటే తన గురించి ఏమనిపిస్తుంది? "నాదే తప్పు." ఏం నమ్మాలనుంది? "నేను చేయగలిగింది చేశాను." అది ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 మధ్య, బాధ ఎంతో 0 నుంచి 10 మధ్య చెప్పాలి. ఒంట్లో ఎక్కడ? గుండెల మీద బరువు. అప్పుడు ముఖానికి అడుగు దూరంలో థెరపిస్టు రెండు వేళ్లను సుమారు 24 సార్లు అటూ ఇటూ కదుపుతుంటే, కళ్లతో వెంబడించాలి. ఆపి, ఊపిరి తీసుకోనిచ్చి, "ఇప్పుడేం వస్తోంది?" అని మాత్రమే అడుగుతాం. బాధ 0కి దిగాకే "నేను చేయగలిగింది చేశాను" అనే మంచి మాటను బలపరుస్తాం.

ఇలా తన గురించి చెప్పే మాట విషయంలో బెంగళూరులోని మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. "హెల్ప్‌లెస్" అన్నప్పుడు పైపైన పోయే మాట, "నా చేతుల్లో ఏం లేకపోయింది" అనగానే కడుపులో తగులుతుంది. థెరపిస్టుకు తెలుగు రాకపోయినా ఆ మాట తెలుగులోనే పెట్టుకోండి, దాని అర్థం మాత్రం వాళ్లకు చెప్పండి.

అపోహ: జరిగిందంతా విడమరిచి చెప్పాలి.
అక్కర్లేదు.

అపోహ: జ్ఞాపకం చెరిగిపోతుంది.
జరిగింది గుర్తుంటుంది, దాని పదును తగ్గుతుంది. జ్ఞాపకాన్ని పట్టుకుంటూనే వేళ్లను వెంబడించడం మనసుకు ఒకేసారి రెండు పనులు, అందుకే దృశ్యం మసకబారుతుందని ఒక వివరణ. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉంటే మొదలుపెట్టకముందే వకీలుతో, థెరపిస్టుతో మాట్లాడండి.

అపోహ: ఒక్క సిట్టింగ్‌తో అయిపోతుంది.
ఒక్కోటి 60 నుంచి 90 నిమిషాలు. ఒకే ప్రమాదమైతే కొన్ని సిట్టింగ్‌లు. చిన్నప్పటి నుంచీ పడ్డ హింసైతే సిద్ధం కావడానికే వారాలు పడుతుంది, తొందరపెట్టేవాళ్లను నమ్మకండి. కొట్టే మనిషితో ఇంకా ఒకే ఇంట్లో ఉన్నా, చచ్చిపోవాలనే ఆలోచనలున్నా ముందు భద్రత చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. కళ్లు నొప్పెడితే అరచేతుల మీద మార్చి మార్చి తట్టే పద్ధతి ఉంది.

సిట్టింగ్ తర్వాత రెండు మూడు రోజులు కలలు, ఉలికిపాటు రావచ్చు. వస్తే రాసిపెట్టుకుని తర్వాతి సిట్టింగ్‌కు తీసుకురండి. సిట్టింగ్ రోజు మాత్రం బండి నడపకుండా ఆటోలోనో మెట్రోలోనో ఇంటికెళ్లండి.