ఆ బుసల చప్పుడు దేనికి?

"అష్టాంగ విన్యాస యోగా చేసేవాళ్లు పాముల్లా బుసలు కొడతారెందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. భలే ప్రశ్న. ప్రతి కదలికనీ ఒక ఊపిరితో జతచేసే ఈ యోగా పద్ధతిని మైసూరు నుంచి ప్రపంచమంతా తీసుకెళ్లింది పట్టాభి జోయిస్ (1915–2009). ఆయనకి గురువు తిరుమలై కృష్ణమాచార్య. చరిత్రకి ఇంతటితో సరిపెట్టి బుస సంగతి చూద్దాం.

అద్దం మీద ఆవిరి పట్టేలా నోరు తెరిచి 'హా' అని ఊదండి. అలా ఊదుతూనే మధ్యలో నోరు మూసేయండి. గాలి ముక్కులోంచి పోతుంది, గొంతులో చప్పుడు మాత్రం ఆగదు. స్వరతంత్రుల మధ్య సందు సన్నబడి, ఆ ఇరుకులో గాలి సుడులు తిరుగుతోంది. యోగాలో ఉజ్జాయి అనే శ్వాస ఇదే. దారి ఇరుకైంది కాబట్టి ఊపిరి నిదానిస్తుంది.

సూర్య నమస్కారం 'ఎ'లో 9 కదలికలు. చేతులెత్తితే పీల్చాలి, వంగితే వదలాలి. వంగినప్పుడు పొట్టలోని అవయవాలు డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరను) పైకి నెడతాయి, గాలి సులువుగా బయటికి పోతుంది. చేతులెత్తితే పక్కటెముకలు విచ్చుకుంటాయి. ఇలా ఒళ్లు ఊపిరికి సాయపడుతుంది, కానీ వేగం తేల్చేది ఊపిరే.

ఊపిరి నిదానాన్ని చెడగొట్టేది కార్బన్ డయాక్సైడ్. కండరాలు శ్రమించేకొద్దీ రక్తంలో చేరి, అక్కణ్నుంచి మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి దాటి, నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లమై, హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. ఆ కాస్త ఆమ్లత్వాన్నీ మెదడు అడుగుభాగమైన మెడుల్లాలోని రసాయన గ్రాహకాలు పసిగట్టి, గబగబా ఊపిరి తీయమంటాయి. సాధకుడేమో నిదానంగానే తీస్తానంటాడు. ఈ పెనుగులాటంతా చప్పుడులో తెలిసిపోతుంది. ముందు గరగరలాడుతుంది, తర్వాత తెగుతుంది, చివరికి నోరు తెరుచుకుంటుంది. చేతులూ కాళ్లూ నేలకి ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో 5 శ్వాసలు ఉంటారు. అలవాటైనవాళ్లకి పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ బాకీ చాలావరకు అక్కడ తీరుతుంది.

అన్నట్టు, చెమటతో ఒంట్లోని విషాలన్నీ పోతాయని కొందరు బోధిస్తుంటారు. చెమటంటే చాలావరకు నీళ్లూ, ఉప్పూ. విషాల పని చూసేవి కాలేయం, మూత్రపిండాలు.

అందరికీ ఒకే లెక్క చదివే తరగతులకన్నా, ఎవరి ఊపిరితో వాళ్లు సాగే మైసూరు పద్ధతే కొత్తవాళ్లకు మేలని నా అభిప్రాయం. పక్కవాడి ఊపిరి మీ రక్తంలో ఆమ్లాన్ని తగ్గించదు కదా! చతురంగ దండాసనంలో మోచేతులు వంచి నేలవైపు దిగుతున్నప్పుడు బుస తెగిందంటే, మొండికెయ్యకుండా మోకాళ్లు నేలకి ఆనించి దిగండి.