13 శాతం వెనక

పైథాన్ స్క్రిప్టు ఒకటి పెద్ద డేటా ఫైలును ముందేసుకుని కూర్చుంది. ఎంతకీ తెమలదు. ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న (అంటే విండోస్ విడివిడిగా పని అప్పగించగల ప్రాసెసర్లు) కంప్యూటర్ అది. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ వాడకం 13 శాతమే. ఇంత ఖాళీ పెట్టుకుని ఈ నత్తనడకేమిటని ఎవరికైనా ఒళ్లు మండుతుంది. సంగతేమిటంటే, ఆ స్క్రిప్టు ఒకే థ్రెడ్‌గా, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా సాగే ఒకే పనుల వరసగా నడుస్తోంది. ఒక ప్రాసెసర్‌ను పూర్తిగా పిండేసినా మొత్తంలో అది ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. మిగతా ఏడూ గోళ్లు గిల్లుకుంటున్నాయి.

సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీ గ్రాఫ్ ఎంచుకుంటే దేని లెక్క దానికి కనిపిస్తుంది. లినక్స్‌లో అయితే వాడకం చూపే ‘టాప్’ అనే ప్రోగ్రాం నడుస్తుండగా 1 నొక్కితే చాలు.

ఈ అంకెలు ఎక్కడివి? లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా పద్దు రాస్తుంది. ప్రోగ్రాములకు ఎంత సమయం పోయింది, కెర్నల్ సొంత పనికి ఎంత, ఊరికే ఉన్నది ఎంత, అన్నీ మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి పెరుగుతూ పోయే లెక్కలే. సాధారణంగా కొలమానం సెకనులో నూరో వంతు. కరెంటు మీటరులాగే ఇక్కడా ఒక్క రీడింగుతో ఏమీ తేలదు, పాతది తీసెయ్యాలి. సెకను తేడాతో రెండుసార్లు చదివితే ఒక ప్రాసెసర్ దగ్గర ప్రోగ్రాముల లెక్క 97, కెర్నల్‌ది 2, ఖాళీ 1 పెరిగాయనుకోండి: అది 99 శాతం బిజీ. ప్రాసెసర్ల వారీ వాడకం చూపే ‘ఎంపీస్టాట్’ అనే లినక్స్ ప్రోగ్రాం చేసేదీ ఈ తీసివేతే. అదే ఐదు సెకన్లకోసారి చదివితే, ఒక సెకనుపాటు ఊపిరాడకుండా పనిచేసిన ప్రాసెసర్ కూడా 20 శాతంతో పెద్దమనిషిలా కనిపిస్తుంది.

విడివిడిగా చూసినా ఒక్కోసారి బోల్తా పడతాం. ఏ పని ఏ ప్రాసెసర్ మీద నడవాలో తేల్చే షెడ్యూలర్ ఒకే థ్రెడ్‌ను ఈ ప్రాసెసర్ నుంచి ఆ ప్రాసెసర్‌కు తిప్పుతుంటే భారం నాలుగైదింటి మీద పలచగా పరుచుకుంటుంది, ఏదీ నిండినట్టు ఉండదు. అప్పుడు టాప్‌లో పెద్ద హెచ్ నొక్కి థ్రెడ్ల వారీగా చూడాలి, నూరు దగ్గర అతుక్కుపోయిన థ్రెడ్ దొరికిపోతుంది. (మామూలు టాప్‌లో ఒక ప్రోగ్రాం పక్కన 400 శాతం కనిపిస్తే కంగారొద్దు, నాలుగు ప్రాసెసర్ల పని చేస్తోందని అర్థం.)

హైపర్ థ్రెడింగ్ ఉన్న ఇంటెల్ చిప్‌లలో ఇంకో తిరకాసు. రెండు లాజికల్ ప్రాసెసర్లు ఒకే కోర్‌ను (చిప్‌లో నిజంగా లెక్కలు చేసే భాగం) పంచుకుంటాయి. కాబట్టి 50 శాతం వాడకం చూపిస్తే ఇంకో సగం శక్తి మిగిలే ఉందని నమ్మకూడదు.

సర్వర్లలో మరో రకం. నెట్‌వర్క్ కార్డు ఇంటరప్టులన్నీ (‘డేటా వచ్చింది, చూడు’ అని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలు) ఒక్కోసారి ఒకే ప్రాసెసర్‌కు వెళ్తుంటాయి. మిగతావి ఖాళీగా ఉన్నా ట్రాఫిక్ నెమ్మదిస్తుంది. ప్రోగ్రాంలో తప్పులు వెతికి లాభం లేదు, ఇంటరప్టులను పంచాలి. లినక్స్‌లో ఆ పనికి ‘ఐఆర్‌క్యూ బ్యాలెన్స్’ ఉంది.