ఫ్లోరోసిస్: కారణం తెలిసింది 1937లో, నీళ్లు వచ్చింది ఎప్పుడు?

మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యశాస్త్రం తొలిసారిగా గుర్తించి నమోదు చేసింది తెలుగు పల్లెల్లోనే. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వెన్ను, మెడ, కీళ్లు బిగుసుకుపోయిన గ్రామస్థులను పరీక్షించిన వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం, తాగునీటిలోని ఫ్లోరైడే ఇందుకు కారణమని 1937లో ప్రకటించింది. మందుతో నయం కాని జబ్బు కాబట్టి, నీరు మార్చడమే మార్గమని అప్పుడే తేలిపోయినట్టు.

తర్వాతి అధ్యాయం నల్గొండది. గ్రానైటు రాతిపొరల మధ్య నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ సహజంగానే ఎక్కువ. చెరువులు వట్టిపోయి బోర్లు లోతుకు దిగిన చోట్ల ఆ నీరే తాగునీరైంది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే కొత్త రూపంలో జబ్బు కనిపిస్తోందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వెల్లడించారు. జొన్న తినే పేదల్లో ఇది ఎక్కువగా ఉండటంతో వారు నీటితో ఆగక తిండినీ, అందులోని మాలిబ్డినం, రాగి వంటి సూక్ష్మ మూలకాలనూ పరిశీలించారు. ఆ రోజుల్లో ఇంత విశాలంగా చూసిన పరిశోధన అరుదని చెప్పాలి.

నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన 'నల్గొండ పద్ధతి'లో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది. చౌకైనది, కరెంటు లేకపోయినా బకెట్‌లోనే చేసుకోదగినది కావడంతో టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. చిక్కంతా నిర్వహణలోనే ఉంది. పటిక మోతాదు ఆయా నీటి ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. తప్పితే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా అల్యూమినియం నీటిలోకి చేరుతుంది. రోజూ కొలిచి కలిపేదెవరు, మడ్డిని పారబోసేదెక్కడ, పటికకు డబ్బెవరిస్తారన్న ప్రశ్నలకు ప్రయోగశాల దగ్గర జవాబు లేదు, పంచాయతీ దగ్గర అంతకంటే లేదు.

అందుకే బాధితులు కోరింది శుద్ధి యంత్రాన్ని కాదు, కృష్ణా నీటిని. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేయడం ఆ డిమాండ్‌తో సాగిన నిరసనలో భాగమే. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యాక గానీ దేశం ఈ జిల్లా వైపు చూడలేదు. 2016లో మొదలైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ సరఫరాతో నదీజలం ఇళ్లకు చేరడం వల్ల కొత్త తరానికి ముప్పు బాగా తగ్గింది. అయితే పైపులైను నీరు ఆగిన రోజుల్లో ఊరు మళ్లీ బోరునే ఆశ్రయిస్తుంది కనుక, బోర్ల నీటి పరీక్షలు ఆపడానికి వీల్లేదు. ఇప్పటికే వంగిన ఎముకలను తిరిగి సరిచేసే మందు మాత్రం నేటికీ లేదు.